దీవులు నేర్పే పాఠం: పర్యావరణ విద్య, జీవవైవిధ్య పరిరక్షణ



ఒకసారి మీ భూగోళ పటం తెరవండి. బంగాళాఖాతానికి తూర్పున, ఉత్తర దక్షిణాలుగా ముత్యాల సరంలా కనిపించేవి అండమాన్ నికోబార్ దీవులు. వాటిలో దక్షిణ అండమాన్ జిల్లా, ఫెరార్‌గంజ్ తహసీలులో తుష్నాబాద్ అనే గ్రామం ఉంది. జరావా ఆదివాసుల అడవి ఈ ప్రాంతానికి దూరం కాదు. ఒకవైపు వేల సంవత్సరాలుగా అడవితో కలిసి జీవించినవారు, మరొకవైపు గత నూట అరవై ఏళ్ళలో బయటినుంచి వచ్చి స్థిరపడినవారు. పర్యావరణ విద్య ఎందుకు అవసరమైందో, జీవవైవిధ్యాన్ని అది ఎంతవరకు కాపాడగలదో తెలుసుకోవడానికి ఇంతకంటే తగిన చోటు అరుదు.

ఈ దీవులు తెలుగువారికి కొత్త కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు అక్కడ తరాలుగా నివసిస్తున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581; అందులో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. కాబట్టి ఇది మనవాళ్ళ కథ కూడా.

అడవి, రంపం

1858 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరాన్ని నెలకొల్పింది. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చిన నగరమే ఇది. ఖైదీల చేత అడవి నరికించి, వరి పొలాలు, కొబ్బరి తోటలు వేయించారు. 1883లో అటవీ శాఖ ఏర్పడింది. అదే ఏడాది ఛాథం దీవిలో రంపపు మిల్లు మొదలైంది. అక్కడ కోసిన కలపలో పేరుమోసినది అండమాన్ పడాక్. ఈ చెట్టు మన ఎర్రచందనం ప్రజాతికే చెందినది. స్వాతంత్ర్యం తరువాత, 1949 నుంచి తూర్పు పాకిస్తాన్ శరణార్థులకు, ఇతర ప్రాంతాల వారికి ఇక్కడ భూములిచ్చారు. ఆ భూముల కోసం మరింత అడవి పోయింది.

ఇలా వచ్చినవారెవరూ చెడ్డవారు కారు. ఖైదీ తన ఇష్టంతో రాలేదు. శరణార్థి ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చాడు. అయితే వారికి తెలిసినది తమ సొంత ఊరి నేల, సొంత ఊరి చెట్టు. ఈ దీవుల నేల ఎలాంటిదో, ఇక్కడి అడవి ఎలా పెరుగుతుందో వారికి చెప్పినవారు లేరు. అడవిని అడవిగా గాక కలపగా, పొలంగా మాత్రమే చూడటం పాలకుల విధానం. ఆ విధానమే జనానికీ అలవాటైంది.

తెలియనితనానికి చెల్లించిన మూల్యం

దీవులకు ఒక ప్రత్యేకత ఉంది. చుట్టూ సముద్రం ఉండటం వల్ల అక్కడి జీవులు వేల తరాలపాటు విడిగా పరిణామం చెందుతాయి. నార్కొండం హార్న్‌బిల్ పక్షి ప్రపంచంలో నార్కొండం అనే ఒక్క చిన్న దీవిలోనే ఉంది. ఇలాంటి వాటిని స్థానీయ జాతులు అంటారు. ఇవి ఆ ఒక్క చోట నశిస్తే భూమిమీదే నశించినట్లు.

ఇలాంటి చోటికి బయటి జీవిని తెస్తే ఏమవుతుంది? బ్రిటిష్ వారు వేట వినోదం కోసం చుక్కల దుప్పిని తెచ్చి వదిలారు. అండమాన్ అడవుల్లో పులి లేదు, చిరుత లేదు. అదుపు చేసే జంతువు లేక దుప్పులు దీవినుంచి దీవికి ఈదుకుంటూ వ్యాపించాయి. అవి లేత మొక్కలను మేసేస్తే, ముసలి చెట్టు కూలినచోట కొత్త చెట్టు లేవదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 వరకు దీవులను ఆక్రమించిన జపాన్ సైన్యంతో ఆఫ్రికా రాక్షస నత్త వచ్చింది. అది నేటికీ కూరగాయల మడులకు చీడే. కలప లాగడానికి తెచ్చిన ఏనుగులను 1960లలో ఇంటర్‌వ్యూ దీవిలో వదిలేశారు.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2000 సంవత్సరం తరువాత బోదురుకప్ప అండమాన్‌లో వ్యాపించింది. మన పొలాల్లో వానాకాలం బెకబెకమనే కప్పే ఇది. మంచినీటి చెరువుల్లో పెంచడానికి తెచ్చే చేపపిల్లలతో పాటు దాని తోకకప్పలు కూడా చేరాయి. ఈ తోకకప్పలు మాంసాహారులు. స్థానిక కప్పల పిల్లలను తినేస్తాయి. పెద్దదైన కప్ప బల్లులను, చిన్న కప్పలను, చివరకు కోడిపిల్లలను కూడా వదలదు. తుష్నాబాద్ వంటి గ్రామాల రైతుకు ఇది రెండు విధాల నష్టం. అడవి నష్టపోతుంది, పెరడూ నష్టపోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. ఈ కప్పను ఏ చట్టం ఆపగలదు? ప్రతి చేపల చెరువు దగ్గరా ఒక పోలీసును నిలబెట్టలేం. చేపపిల్లల డబ్బా తెరిచే రైతుకు, ఆ రైతు కొడుకుకు, కూతురికి ఏది చేపపిల్ల, ఏది తోకకప్ప అని గుర్తుపట్టడం తెలిస్తే చాలు. పర్యావరణ విద్య జీవవైవిధ్యాన్ని కాపాడుతుందన్న మాటకు అర్థం ఇదే.

చట్టం, తరగతి గది

ప్రపంచ స్థాయిలో ఈ ఆలోచన ఎలా ఎదిగిందో చూద్దాం. 1972 స్టాక్‌హోం సమావేశం పర్యావరణాన్ని ప్రపంచ సమస్యగా గుర్తించింది. 1977 అక్టోబరులో నాటి సోవియట్ యూనియన్‌లోని టిబిలిసి నగరంలో పర్యావరణ విద్యపై ప్రభుత్వాల స్థాయి సమావేశం జరిగింది. స్పృహ, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, భాగస్వామ్యం అనే ఐదు లక్ష్యాలను అది నిర్దేశించింది. మొదటి రెండింటితో ఆగిపోతే అది పరీక్ష కోసం చదివే పాఠం. మిగిలిన మూడూ తోడైతేనే అది విద్య. 1992లో రియోలో సంతకాలకు ఉంచిన జీవవైవిధ్య ఒప్పందం తన 13వ అధికరణంలో ప్రజలకు విద్య, అవగాహన కల్పించాలని కోరింది.

మన దేశంలో 1976 నాటి 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం, అడవులనూ వన్యప్రాణులనూ కాపాడటం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని చెప్పింది. 1991 నవంబరు 22న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు, ఆ విధి నెరవేరాలంటే ముందు పౌరులకు విషయం తెలియాలి గదా అని గుర్తించింది. బడులలో, కళాశాలలలో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని, ఆకాశవాణి, దూరదర్శన్‌లలో రోజూ 5 నుంచి 7 నిమిషాల కార్యక్రమాలు ప్రసారం కావాలని ఆదేశించింది. అమలు నత్తనడక నడిచింది. 2003 డిసెంబరులో కోర్టు మళ్ళీ కలుగజేసుకొని, 1 నుంచి 12వ తరగతి వరకు నమూనా పాఠ్యప్రణాళిక తయారు చేయమని ఎన్.సి.ఇ.ఆర్.టి.ని ఆదేశించింది. డిగ్రీ విద్యార్థులు చదివే పర్యావరణ అధ్యయనం పేపరు వెనుక ఉన్న చరిత్ర ఇది.

అండమాన్ అడవుల విషయంలోనూ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మూడు స్వచ్ఛంద సంస్థల పిటిషన్‌పై కోర్టు నియమించిన శేఖర్ సింగ్ కమిషన్ 2002 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది మే 7న కోర్టు దాని సిఫారసులను చాలావరకు ఆమోదించింది. ఆదివాసుల రిజర్వులలో, లిటిల్ అండమాన్‌లో సహజంగా పెరిగిన చెట్ల నరికివేత నిలిచిపోయింది. సముద్ర తీరపు ఇసుక తవ్వకం దశలవారీగా తగ్గించాలన్నారు. ఒక తీర్పు రంపాన్ని ఆపగలిగింది. కాని ఇల్లు కట్టుకునేవాడికి ఇసుక ఎందుకు దొరకడం లేదో, తాబేలు గుడ్లు పెట్టే తీరానికీ ఆ ఇసుకకూ సంబంధమేమిటో తీర్పు చెప్పదు. అది చెప్పవలసింది ఉపాధ్యాయులే.

ఏ పుస్తకం, ఎవరి అడవి?

ఇక్కడే మరొక చిక్కు ఉంది. ప్రధాన భూభాగంలో తయారైన పాఠ్యపుస్తకంలో పులి ఉంటుంది, సింహం ఉంటుంది. అండమాన్ అడవిలో ఆ రెండూ లేవు. అక్కడ ఉన్నవి అడవిపంది, ఉప్పునీటి మొసలి, సముద్రపు ఆవు అని పిలిచే డ్యూగాంగ్, తినదగిన గూడు కట్టే స్విఫ్ట్‌లెట్ పిట్ట, మడ అడవి, పగడపు దిబ్బ. పులి గురించి పది మార్కుల జవాబు రాసిన పిల్లవాడికి, తన ఊరి కాలువగట్టున మడచెట్టు ఎందుకుందో తెలియకపోవచ్చు. ఈ లోటు తీర్చడానికి కల్పవృక్ష్ సంస్థ దీవుల ఉపాధ్యాయుల కోసం ప్రత్యేకంగా ఒక చేతిపుస్తకం రూపొందించింది. స్థానిక పాఠమే అసలైన పాఠం అన్నది అందులోని సూత్రం.

పుస్తకం లేకుండా చదువు సాగదా? సాగుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు లిటిల్ అండమాన్‌లోని ఓంగీ ఆదివాసులు సముద్రపు తీరు చూసి ఎత్తైన చోటికి వెళ్ళి ప్రాణాలు దక్కించుకున్నారు. తాతల మాటగా వచ్చిన జ్ఞానమే వారిని కాపాడింది. ఆ జ్ఞానం కూడా పర్యావరణ విద్యే. అదే విపత్తులో దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, సిప్పీఘాట్ వంటి చోట్ల పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి.

ఇక మన తీరానికి వద్దాం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, ఊరి చెట్లమీదే గూళ్ళు కట్టి పిల్లలను లేపుతాయి. ఆ పక్షుల రాకను శుభంగా భావించి గ్రామస్థులు వాటిని కాపాడుతూ వచ్చారు. పెద్దలను చూసి పిల్లలు నేర్చుకున్నారు. ఆ జిల్లానుంచి అండమాన్ వెళ్ళిన కుటుంబాల మూటల్లో ఇలాంటి అలవాట్లు కూడా ఉన్నాయని మరువకండి. కొత్త నేలమీద వాటికి కొత్త పేర్లు, కొత్త జీవులు జోడించుకోవాలి, అంతే.

మీ ముందున్న ప్రశ్న

ఈ చరిత్ర ముగిసిపోలేదు. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం నిర్మించే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి లభించింది. అందుకు సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి అవసరమవుతుంది. పెద్ద సముద్రపు తాబేలు గుడ్లు పెట్టే గలతియా తీరం ఆ ప్రాంతంలోనే ఉంది. దేశ భద్రతకు, ఉపాధికి ఇది అవసరమని కొందరు, తిరిగిరాని నష్టమని మరికొందరు వాదిస్తున్నారు. రేపు ఇలాంటి విషయాల్లో అభిప్రాయం చెప్పవలసినవారు మీరు. పర్యావరణ నివేదిక చదివి, ఏ జాతి ఎక్కడ ఉంది, పోయేది ఏమిటి, వచ్చేది ఏమిటి అని అడిగే శక్తి మీకుండాలి. ఆ శక్తి లేని పౌరుడు ఏ పక్షానికైనా చప్పట్లు కొట్టగలడు గాని, తీర్పు చెప్పలేడు.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఎక్కడుందో అడగండి. ఊళ్ళోని చెట్లు, చేపలు, పక్షులు, కప్పలు, వాటికి మీ అవ్వా తాతలు పిలిచే పేర్లు, ఇరవై ఏళ్ళ క్రితం ఉండి ఇప్పుడు కనబడనివి ఒక నోటుపుస్తకంలో రాయండి. తుష్నాబాద్‌లో ఉన్నా, తేలినీలాపురంలో ఉన్నా మొదటి పేజీ అదే. పేరు తెలియని జీవి మాయమైనా మనకు తెలియదు. కనుక పేర్లు తెలుసుకోవడంతోనే పరిరక్షణ మొదలుపెట్టండి.