అరచేతి ఆట – ఇంటిల్లిపాది వేడుక

ఒక రేడియో చుట్టును ఇల్లంతయు చేరి వినుట మన మెరిగినదే. జపానులో 1989వ సంవత్సరమున నింటెండో సంస్థ వెలువరించిన ‘గేమ్ బాయ్’ తీరు వేరు. దాని తెరపై అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు, ఛాయలు నాలుగే. ఒకరాడుచుండగా ప్రక్కవారికి చూచుటయే కష్టము.

ఈ ఒంటరి వినోదమును టెలివిజన్‌ పైకెక్కించుటకు 1994లో ‘సూపర్ గేమ్ బాయ్’ వచ్చినది. చేతియంత్రమును తీగతో తగిలించుట కాదు అందలి ఉపాయము. గేమ్ బాయ్‌లోని గణనభాగమునే ఒక చిన్న పెట్టెలో అమర్చిరి. ఆట కార్ట్రిడ్జిని అందులో గ్రుచ్చి, ఆ పెట్టెను ‘సూపర్ ఫామికామ్’ అను ఇంటి ఆటయంత్రమున నిలుపవలెను. ఒకే వన్నెగల బొమ్మలకు రంగులు సమకూరినవి.

అయితే లాభము వెంట నష్టమును వచ్చినది. రెండు గేమ్ బాయ్‌లను కలిపి ఇద్దరాడుకొను తీగకు ఇందు చోటు లేకపోయెను. పైగా జపానులో ఆట నూటికి రెండు వంతులకు మించి వేగముగా నడచెను. 1998లో అచ్చట విడుదలయిన రెండవ రూపము ఈ రెండు లోపములను సరిదిద్దినది.

2017లో వచ్చిన ‘స్విచ్’ను దాని పీఠమున నిలిపినంతనే బొమ్మ టెలివిజన్‌పైకి మారును. మార్గము సుగమమైనది. కాని తెర పెద్దదైనంత మాత్రమున ఆట అందరిదీ కాదు; తోడి ఆటగానికి చోటు దొరికిననాడే అది ఇంటిల్లిపాది వేడుక యగును.