గోస్తనీ నది
గోస్తనీ నది తూర్పు కనుమల్లోని అనంతగిరి కొండల్లో పుట్టి, భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలిసే సుమారు 120 కిలోమీటర్ల చిన్న నది. మంచు కరిగి వచ్చే నీరు దీనికి లేదు, వానలే ఆధారం. అందుకే వర్షాకాలంలో పోటెత్తి, ఎండాకాలంలో సన్నగిల్లుతుంది.

ఈ నది ఆ కొండల్లోని బొర్రా గుహల్లోనే పుట్టిందన్నది వాడుకలో ఉన్న మాట. గుహలోని ఆవు పొదుగు ఆకారం నుంచి నీరు జాలువారుతుందనీ, పేరు అందువల్లే వచ్చిందనీ చెబుతారు. పేరుకు ఈ వివరణ సరిపోవచ్చు గానీ, భౌగోళికంగా వరుస తిరగబడుతుంది: గుహ నదిని కనలేదు, నీరే గుహను తొలిచింది. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు పలచని ఆమ్లమై సున్నపురాయిని కరిగిస్తుంది. కప్పు నుంచి జారే ఒక్కో చుక్కా రవ్వంత సున్నాన్ని వదిలిపోతే పైన ఊడల్లాంటివి, కింద దిమ్మెలు పెరుగుతాయి. పొదుగు ఆకారమూ అలా ఏర్పడిందే. గుహలో ఊట కనిపిస్తోంది కదా అనవచ్చు. అయితే ఆ ఊట కూడా పై కొండల మీద కురిసి, రాతి పగుళ్లలోకి ఇంకిన వానే.

కొండ దిగాక విజయనగరం జిల్లాలో తాటిపూడి జలాశయం నదిని ఆపుతుంది. 1960ల్లో కట్టిన ఈ జలాశయం పొలాలతోపాటు విశాఖపట్నానికి తాగునీరూ ఇస్తుంది. నదీముఖాన ఉన్న భీమునిపట్నం 17వ శతాబ్దంలో డచ్చివారి వర్తక స్థావరం.