వెన్నుపాము దెబ్బ తర్వాత కాలిపర్లతో నడక: ఎవరికి, ఎంతవరకు?

బైక్ యాక్సిడెంట్ కావచ్చు, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల క్వారీలో పడటం కావచ్చు, చెట్టు మీంచి జారడం కావచ్చు. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయిన మనిషిని ఇంటికి తెచ్చాక, ప్రొద్దుటూరైనా పులివెందులైనా, ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: మళ్లీ నడుస్తాడా? కాలిపర్లు వేయిస్తే నడుస్తాడని ఎవరో ఒకరు చెబుతారు. అది కొందరి విషయంలో నిజం, కొందరి విషయంలో కాదు. దెబ్బ ఏ పూస దగ్గర తగిలిందన్నదే ముఖ్యం.

నడుము కింది పూసల దగ్గర, అంటే ఎల్3, ఎల్4 దగ్గర తగిలితే తొడ కండరానికి బలం మిగులుతుంది, మోకాలు నిలుస్తుంది. పాదం వాలిపోకుండా పట్టే పొట్టి బ్రేస్, ఏఎఫ్ఓ, చాలావరకు సరిపోతుంది. టీ12, ఎల్1 దగ్గరైతే తొడ నుంచి పాదం దాకా ఉండే కేఏఎఫ్ఓ కావాలి. మోకాలి దగ్గర దీనికి లాక్ ఉంటుంది, కూర్చోవాలంటే చేత్తో తీయాలి. ఇందులో నడిపించేది కాళ్లు కాదు, చేతులూ భుజాలూ. కర్రల మీద బరువేసి ఒళ్లు ముందుకు ఊపాలి. మామూలు నడకకు ఎన్నో రెట్లు శక్తి ఖర్చవుతుంది. అందుకే ఇంట్లో నాలుగడుగులు వేసేవాళ్లు కూడా బజారుకు వీల్‌చైర్‌లోనే వెళ్తారు. మెడ దగ్గర దెబ్బతో చేతులు కూడా బలహీనపడితే ఈ నడక దాదాపు కుదరదు. ఈ లెక్క పూర్తిగా స్పర్శ, కదలిక పోయినవాళ్లది. కొంత మిగిలినవాళ్ల సంగతి డాక్టర్ పరీక్షించే చెప్పాలి.

వీల్‌చైర్ అంటే ఓడిపోయినట్టని మనవాళ్లలో ఒక భావన ఉంది. 1954లో కారు ప్రమాదంలో కాళ్లు పడిపోయిన వెల్లూరు సీఎంసీ డాక్టర్ మేరీ వర్గీస్ వీల్‌చైర్‌లో కూర్చునే ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది కూడా ఆమె వల్లే. నమాజ్ సంగతి అంటారా, నిలబడలేనివాళ్లు కూర్చుని చదవొచ్చు. దానికోసం కాలిపర్లతో కష్టపడాల్సిన పనిలేదు.

అసలు ప్రమాదం చర్మానికి. కాళ్లకు స్పర్శ ఉండదు కాబట్టి బ్రేస్ ఒరుసుకున్నా తెలీదు. తీశాక ఎర్రమచ్చ అరగంటలో పోకపోతే మళ్లీ వేయకూడదు, సరిచేయించాలి. వుజూకు కాళ్లు కడిగేటప్పుడు మడమ, చీలమండ చూసుకుంటే మరిచిపోరు. మన ఎండలకు చెమట ఎక్కువ, లోపల కాటన్ సాక్స్ వేసుకోవాలి. దెబ్బ తగిలిన మొదటి రోజుల నుంచే కీళ్లు కదిలిస్తూ ఉండాలి. మోకాలు వంగి బిగుసుకుపోతే కాలిపర్ పట్టదు.

ఖర్చు విషయానికొస్తే, ముందు సదరం సర్టిఫికెట్ తీసుకోండి. 40 శాతం వైకల్యం ఉంటే కేంద్రం ఏడిప్ పథకం కింద అలింకో సంస్థ పరికరాలకు అప్లై చేయొచ్చు. తిరుపతిలో టీటీడీ వాళ్ల బర్డ్ ఆస్పత్రి ఉంది, అక్కడ అడగొచ్చు. ఎక్కడ చేయించినా మనిషిని తీసుకెళ్లి కొలత ఇప్పించండి. వేరేవాళ్ల పాత కాలిపర్లు తెచ్చి తొడిగించొద్దు.