పట్టా ఫోటో: ఆర్ట్స్ కాలేజీ ముందు దిగేవాళ్లకు

1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. పట్టా ఫోటోలకు అందరూ వచ్చేది ఆ గులాబీ రంగు రాతి మెట్ల దగ్గరికే. నడినెత్తిన ఎండ ఉంటే కళ్ల కింద నీడలు పడతాయి. అసర్ నమాజు చదువుకుని మొదలుపెడితే మగ్రిబ్ లోపు మెత్తని వెలుగు దొరుకుతుంది. హిజాబ్ మీద పట్టా టోపీ జారిపోతుంటుంది, సిల్క్ స్కార్ఫ్ అయితే మరీనూ. లోపల కాటన్ క్యాప్ వేసుకుని, టోపీకి రెండు పక్కలా పిన్నులు పెట్టుకోవాలి. గౌను అద్దెదైతే ఎన్నింటికి తిరిగివ్వాలో ముందే అడగండి.

ఇంట్లో మొదటి పట్టా అయితే అమ్మీ, అబ్బాలతోనే మొదటి ఫోటో దిగాలి. దోస్తుల వంతు అయ్యేదాకా నిలబెడితే వాళ్లు అలసిపోతారు. తన ఫోటో ఇన్‌స్టాలో వద్దని అమ్మీ అంటే ఫోటోగ్రాఫర్‌కు ఆ మాట తీయకముందే చెప్పాలి.