దీస్ ఓల్డ్ షేడ్స్

దీస్ ఓల్డ్ షేడ్స్ (ఈ పాత ఛాయలు అని అర్థం) ఆంగ్ల రచయిత్రి జార్జెట్ హేయర్ రచించిన చారిత్రక ప్రేమకథా నవల. దీనిని 1926లో లండనుకు చెందిన హైన్‌మన్ సంస్థ ప్రచురించింది. ఇంగ్లాండులో రెండవ జార్జి, ఫ్రాన్సులో 15వ లూయీ రాజ్యమేలుతున్న 1750ల నాటి పారిస్, వెర్సాయ్, ఇంగ్లాండు గ్రామసీమలు ఈ కథకు రంగస్థలం. హేయర్ పేరు చెప్పగానే ఎక్కువమంది పాఠకులకు 1811-1820 మధ్యనున్న రీజెన్సీ కాలపు నవలలే గుర్తుకు వస్తాయి. కానీ ఆమెకు మొదట పేరు తెచ్చినది అంతకు అర్ధశతాబ్దం ముందరి సమాజాన్ని చిత్రించిన ఈ నవలే. నవల పేరును ఆస్టిన్ డాబ్సన్ అనే ఆంగ్ల కవి రచన నుండి తీసుకున్నారు.

రచనా నేపథ్యం

హేయర్ 1902 ఆగష్టు 16న లండను సమీపంలోని వింబుల్డన్‌లో జన్మించింది. రక్తం గడ్డకట్టని వ్యాధితో బాధపడుతున్న తమ్ముడికి కాలక్షేపం కోసం చెప్పిన కథ 1921లో ద బ్లాక్ మాత్ అనే పేరుతో ఆమె తొలి నవలగా వెలువడింది. అందులో ఆండోవర్ డ్యూక్ అనే ప్రతినాయకుడు ఉన్నాడు. ఒక యువతిని అపహరించబోయి భంగపడిన ఈ దుష్టుడు ఆ కథలోని నాయకుడికంటే ఆసక్తికరంగా ఉన్నాడని చదివినవారికి అనిపిస్తుంది. రచయిత్రికి కూడా అలాగే అనిపించి ఉండాలి. ఎందుకంటే అతడినే పేరు మార్చి, వయసు పెంచి, ఈ నవలకు నాయకుడిని చేసింది. పాత నవలలోని మరికొన్ని పాత్రలు కూడా వేరే పేర్లతో ఇందులో తిరిగి కనిపిస్తాయి. శీర్షికలోని "పాత ఛాయలు" అన్న మాటకు ఈ విధంగా మరొక అర్థం కూడా కుదురుతుంది.

ఈ నవలను కొంత రాసి పక్కన పెట్టిన హేయర్, 1925లో తండ్రి హఠాత్తుగా గుండెపోటుతో మరణించిన తరువాత పూర్తి చేసింది. అదే సంవత్సరం ఆమెకు గనుల ఇంజనీరు రొనాల్డ్ రూజియేతో వివాహం జరిగింది. ఇద్దరు తమ్ముళ్ళ పోషణలో సాయపడవలసిన బాధ్యత కూడా ఆమెపై పడింది. అంతవరకు రచన ఆమెకు ఇష్టమైన వ్యాసంగం. ఇక మీదట అది ఇల్లు గడిపే వృత్తి కూడా అయింది. ఈ పుస్తకం అమ్ముడుపోకుంటే ఆమె తరువాతి జీవితం ఏ దారి పట్టేదో ఊహించడం కష్టం.

కథ

పారిస్ నగరంలో ఒక రాత్రి జస్టిన్ అలస్టేర్ అనే ఆంగ్ల ప్రభువు సందుల గుండా నడిచి వెళుతుండగా, అన్న దెబ్బలకు తాళలేక పారిపోతున్న ఒక కుర్రవాడు వచ్చి అతడిని గుద్దుకుంటాడు. జస్టిన్ ఆవన్ డ్యూక్. అతడి దుర్నడతను బట్టి లోకం అతడికి "సైతాను" అని మారుపేరు పెట్టింది. కుర్రవాడి ఎర్రని జుట్టును, నల్లని కనుబొమలను చూసి డ్యూక్ ఒక్క క్షణం ఆలోచించి, తన ఒంటిమీది ఆభరణం ఒకటి ఇచ్చి అతడిని అన్న వద్ద కొనివేస్తాడు. లియోన్ అనే ఆ కుర్రవాడు డ్యూక్ కొలువులో పరిచారకుడవుతాడు, యజమానిని దేవుడిలా ఆరాధిస్తాడు. డ్యూక్ స్నేహితుడైన హ్యూ డావెనాంట్ ఈ వ్యవహారం తగదని మొదటి నుండీ మందలిస్తూనే ఉంటాడు.

నిజానికి ఎర్ర జుట్టు, నల్ల కనుబొమలు సాన్‌వీర్ అనే ఫ్రెంచి ప్రభువంశపు గుర్తు. ఆ వంశానికి పెద్ద అయిన హెన్రీ, ఆవన్‌కు పాత శత్రువు. తన చెల్లెలిని పెళ్ళాడగోరిన ఆవన్‌ను ఒకనాడు గుర్రపు కొరడాతో కొట్టి అవమానించాడు. ఆవన్ ఆ దెబ్బను ఇరవై ఏళ్ళుగా మరచిపోలేదు. తన ఆస్తి, బిరుదు తమ్ముడు ఆర్మాండ్‌కు పోకూడదన్న పట్టుదలతో సాన్‌వీర్, భార్యకు ఆడపిల్ల పుట్టగానే ఆ బిడ్డను ఒక రైతు కుటుంబానికి ఇచ్చి, వారి మగబిడ్డను తన కొడుకుగా పెంచుకున్నాడు. లియోన్ మగపిల్లవాడు కాదు, ఆ రీతిగా విడువబడిన లియోనీ.

ఈ సంగతి పాఠకుడికంటే ముందే గ్రహించిన డ్యూక్ ఆమెను ఇంగ్లాండుకు తీసుకుపోయి, చెల్లెలు ఫానీ పర్యవేక్షణలో ఉంచి, తన సంరక్షితురాలిగా లోకానికి ప్రకటిస్తాడు. మగదుస్తుల్లో పెరిగిన లియోనీకి లంగాలు, హంగులు అలవాటు కావడం నవలలో మిక్కిలి హాస్యం పుట్టించే భాగం. కత్తిసాము నేర్పమని డ్యూక్‌నే అడుగుతుంది. సాన్‌వీర్ ఆమెను అపహరించి ఫ్రాన్సుకు తీసుకుపోయినప్పుడు డ్యూక్ తమ్ముడు రూపర్ట్ నెత్తిన టోపీ అయినా లేకుండా వెంటబడి, సముద్రం దాటి, తూటా దెబ్బ తిని మరీ ఆమెను కాపాడుతాడు. ఈ రూపర్ట్ పాత్ర లేకపోతే నవల సగం జీవం కోల్పోయేది.

తరువాత డ్యూక్ ఆమెను పారిస్ సమాజానికి పరిచయం చేస్తాడు. ఆమె తన అక్రమ సంతానమని సాన్‌వీర్ స్వయంగా ఆమెకు చెప్పడంతో, తన వలన డ్యూక్ పరువు పోతుందని తలచి లియోనీ ఎవరికీ చెప్పకుండా తాను పెరిగిన ఊరి మతగురువు చెంతకు పారిపోతుంది. పేరుపొందిన విదుషీమణి మదాం ద్యు దెఫాన్ ఇంట నగర ప్రముఖులందరూ కూడిన సభలో ఆవన్, పేర్లు చెప్పకుండా ఒక కథగా ఈ పాపమంతటినీ వివరిస్తాడు. వింటున్న సాన్‌వీర్ భార్య నిబ్బరం కోల్పోతుంది, రహస్యం బయటపడుతుంది. సాన్‌వీర్ అక్కడే పిస్తోలుతో ప్రాణం తీసుకుంటాడు. అనంతరం డ్యూక్ ఊరికి వెళ్ళి లియోనీని కలుసుకోవడంతో కథ పరిణయానికి దారితీస్తుంది.

కాల చిత్రణ

నవలలో పదిహేనవ లూయీ, మదాం ద పాంపదూర్, మదాం ద్యు దెఫాన్ వంటి చారిత్రక వ్యక్తులు కనిపిస్తారు. అయితే వారు కథను నడపరు, నేపథ్యానికి మెరుగు మాత్రమే పెడతారు. పొడి చల్లిన జుట్టు, ఎర్ర మడమల పాదరక్షలు, విసనకర్ర, పొడుము డబ్బా, జూదపు బల్ల - ఇవన్నీ కేవలం అలంకారాలు కావు. ఆవన్ డ్యూక్ పెట్టుకొనే రత్నాల ఉంగరాలు, నిదానంగా పలికే తీపి మాటలు అతడి ఆయుధాలు. జూదంలో ఒక యువకుడిని సర్వం ఓడించి పోయిన సంపదను తిరిగి కూడబెట్టుకొన్నవాడు అతడు. ఆ యువకుడు తరువాత ఆత్మహత్య చేసుకున్నాడు. 1756లో బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య ఏడేళ్ళ యుద్ధం మొదలైనా దాని నీడ ఈ కథలో పడదు. ఉభయ దేశాల ప్రభువులూ ఒకే కుటుంబం వలె రాకపోకలు సాగిస్తారు.

ఈ నవలలో శృంగార వర్ణన లేదు. ప్రేమ అంతా మాటలలో, చూపులలో, ఒకరి కొరకు ఒకరు చేసే త్యాగంలో వ్యక్తమవుతుంది. అందువల్లనే దీనిని సున్నితమైన ప్రేమకథల కోవలో చేరుస్తారు. కానీ ఆ సున్నితత్వం వెనుక కరకు విషయాలు ఉన్నాయి. మనిషిని డబ్బుకు కొనడంతో కథ మొదలవుతుంది. నాయకుడు మొదట ఆమెను పగ తీర్చుకోవడానికి ఆయుధంగానే చేరదీస్తాడు. నలభై ఏళ్ళ పురుషునికి, అతడి రక్షణలో ఉన్న ఇరవై ఏళ్ళ లోపు పిల్లకు మధ్య ప్రేమ నేటి పాఠకులలో చాలామందికి ఇబ్బంది కలిగిస్తుంది. తాను ఆమెకు తగనివాడినని డ్యూక్ చివరి వరకు వెనుకాడడం ఈ చిక్కును రచయిత్రి కూడా ఎరిగినదేనని తెలుపుతుంది.

ఇంతకంటే తీవ్రమైన ఆక్షేపణ వంశాన్ని గురించినది. సారాయి కొట్టులో పెరిగినా లియోనీకి ప్రభువుల దర్పం పోదు. మేడలో పెరిగినా రైతు కొడుక్కి పొలం మీదనే మనసు. రక్తమే మనిషిని నిర్ణయిస్తుందన్న ఈ నమ్మకం పద్దెనిమిదవ శతాబ్దపు ప్రభువులకు సహజమే కావచ్చు గాని, నవల దానిని ఎక్కడా ప్రశ్నించదు, పైగా కథ ముడి అంతా దాని మీదనే ఆధారపడి ఉంది. ఆ రైతు కొడుకు పట్ల మాత్రం రచయిత్రి దయ చూపింది. తనది కాని బిరుదు పోయినందుకు అతడు ఎక్కువగా బాధపడడు.

ఆదరణ

ఇంగ్లాండులో కార్మికుల సార్వత్రిక సమ్మె జరిగిన సంవత్సరంలోనే ఈ డ్యూకు కథ వెలువడడం విచిత్రం. సమ్మె కారణంగా పత్రికలలో సమీక్షలు గాని ప్రకటనలు గాని రాకపోయినా 1,90,000 ప్రతులు అమ్ముడయ్యాయని హేయర్‌ను గురించిన రచనలలో తరచుగా కనిపిస్తుంది. అయితే ఆ సమ్మె మే నెలలో తొమ్మిది రోజులు మాత్రమే సాగింది. బొగ్గుగని కార్మికుల పోరాటం మాత్రం ఆ ఏడాది చివరి దాకా నడిచింది. ప్రచారం లేకుండానే పుస్తకాలు అమ్ముడుపోతాయన్న నమ్మకం ఆమెకు ఈ అనుభవంతోనే కుదిరిందని అంటారు. 1974 జూలై 4న మరణించేవరకు ఆమె పత్రికలకు ఇంటర్వ్యూలు ఇవ్వలేదు.

విమర్శకులు ఆమెను చాలాకాలం పట్టించుకోలేదు. నవలా రచయిత్రి ఎ.ఎస్.బయట్ 1969లో హేయర్ ప్రతిభను సమర్థిస్తూ వ్యాసం రాసింది.

తరువాతి నవలలు

భర్తతో ఆఫ్రికాలోని టాంగన్యికాలో ఉన్న కాలంలో హేయర్ రాసిన ద మాస్కరేడర్స్ (1928) కూడా జార్జియన్ కాలపు మారువేషాల కథే. దీస్ ఓల్డ్ షేడ్స్‌కు నేరుగా కొనసాగింపు డెవిల్స్ కబ్ (1932). ఇందులో ఆవన్, లియోనీల కుమారుడు డొమినిక్ నాయకుడు. అతడు తండ్రి దుడుకును, తల్లి కోపాన్ని పుణికిపుచ్చుకున్నాడు. వాటర్లూ యుద్ధం నేపథ్యంగా సాగే యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ (1937)లో నాయిక బార్బరా ఈ డొమినిక్‌కు మనుమరాలు.