మూడో బోర్డు, ఇరవైమూడో నంబరు

మార్కాపురంలో ఓ ప్రైవేటు స్కూలు, మేడమీది హాలు. ఆదివారం ఉదయం తొమ్మిదీ ఇరవై. చెప్పులు బయట వదిలి గోడవారగా నిలబడండి, కుర్చీలన్నీ పిల్లలవే. నాలుగు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి గానీ గాలి కిటికీ పక్కనున్నవాళ్ళకే దక్కుతోంది. మూల స్టూలు మీద క్యాన్ నీళ్ళు. ఇటువైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు సంగతి తెలియనిదెవరికి? అయినా తల్లులు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకున్నారు. బల్లల మీద ఆకుపచ్చ గళ్ళ రెగ్జిన్ చెస్ బోర్డులు పరిచారు. పావులు ఇంకా సంచుల్లోనే ఉన్నాయి.

గుమ్మం దగ్గర డబ్బు కట్టించుకుంటున్నాయన ముందు ఖాకీ చొక్కా ఆటో డ్రైవరు, పక్కన పదకొండేళ్ళ కొడుకు. గిద్దలూరు నుంచి తొలి బస్సుకు వచ్చారు.

"నాలుగొందలన్నా."

"కాయితంలో మూడొందలని వేశారు గదా సార్?"

"అది శుక్రవారం దాకా. ఫోన్లో ఫారం నింపి డబ్బులు కొట్టినోళ్ళకి. ఇది స్పాట్ ఎంట్రీ."

"మాకు తెలిసిందే నిన్న రాత్రి సార్. ఏంది, వందకి ఇంత పట్టింపా?"

పట్టింపే. ఆఖరి నిమిషంలో ఒక పేరు చేరితే వేసిన పెయిరింగులన్నీ, అంటే ఎవరికి ఎవరు ఎదురో ఆ జతలన్నీ, తీసేసి మళ్ళీ వేయాలి కాబట్టి నిర్వాహకుల మాటా కొట్టిపారేయలేం. కానీ ఆ వంద ఎవరి నెత్తిన పడుతుందో చూడండి. కోచ్ ఉన్న పిల్లవాడికి వాట్సాప్‌లో పది రోజుల ముందే కబురందుతుంది. కోచ్ లేనివాడికి శనివారం రాత్రి తెలుస్తుంది. ఆటో అతను రెండు రెండొందల నోట్లు బల్లమీద పెట్టాడు. అతనికి అసలు ఫీజు అది కాదు, ఇవాళ ఆటో తిప్పకపోవడం.

ఇక ల్యాప్‌టాప్ దగ్గరికి జరగండి, ఇవాళ్టి తీర్పులన్నీ అందులోంచే వస్తాయి. ఆర్బిటర్, అంటే పోటీ తీర్పరి, స్విస్ మేనేజర్ తెరిచి ఉంచాడు. ఆస్ట్రియాకు చెందిన హైంజ్ హెర్జోగ్ తయారుచేసిన ప్రోగ్రాం అది. అది నడిపే స్విస్ పద్ధతి మాత్రం పాతది, 1895లో జ్యూరిచ్‌లో మొదలైంది. అందరూ అందరితో ఆడే వీల్లేనప్పుడు, ఓడినవాణ్ణి ఇంటికి పంపకుండా, సమానంగా పాయింట్లున్నవాళ్ళను ఒకరికొకరిని తగిలించడం. గిద్దలూరు కుర్రాడితో కలిపి 41 మంది, ఆరు రౌండ్లు.

మొదటి రౌండులో ఎవరికీ పాయింట్లుండవు. అందుకని వరసను సగానికి విరిచి పై సగాన్ని కింది సగానికి జత చేస్తారు. 1కి 21, 2కి 22, అలా 20కి 40. మిగిలిపోయిన 41కి బై, అంటే ఆడకుండానే ఒక పాయింటు. వరస రేటింగును, అంటే ఆటగాడి బలాన్ని చెప్పే అంకెను, బట్టి. సరే, ఈ హాల్లో రేటింగు ఉన్నది తొమ్మిది మందికే. మిగతా 32 మందిని దేన్నిబట్టి పేర్చాలి?

ఇంగ్లీషు అక్షరాలను బట్టి. నవ్వకండి, నిజం. 'ఏ' అక్షరంతో పేరు మొదలయ్యేవాడు పదో నంబరు, 'వై' అక్షరంవాడు 41. ఆ వై పిల్లవాడు ఏ టోర్నీకి పోయినా అడుగునే ఉంటాడు, బేసి సంఖ్య వచ్చిందంటే బై వాడిదే. మధ్యలో కె, ఎల్, ఎం అక్షరాల పిల్లలు 21 నుంచి 29 దాకా పడ్డారు, అంటే రేటింగు ఉన్న తొమ్మిది మందికీ ఎదురు వీళ్ళే. ఇంటిపేరు ముందు రాసి ఉంటే గిద్దలూరు కుర్రాడు తనలాంటివాడితోనే ఆడేవాడు. పేరు ముందు రాశాడు, 23 వచ్చింది. విజయవాడ నుంచి కోచ్‌తో వచ్చిన మూడో నంబరు అమ్మాయి, రేటింగు 1612, అతని కోసం కూర్చుని ఉంది.

"పెయిరింగ్ పడింది!" ఎవరో అరిచారు. సెల్లోటేపుతో గోడకంటించిన కాగితం మీదికి నలభై తలలు. తండ్రి వెనకనుంచి వేలు పెట్టి చూస్తున్నాడు.

"సార్, మావోడికి మొదటి ఆటకే ఇట్టాంటి అమ్మాయినా?"

"కంప్యూటర్ వేసింది అన్నా. నా చేతిలో ఏం లేదు."

ఈ జవాబు అంటే నాకు పడదు. కంప్యూటర్ పక్షపాతం చూపదు, ఆ మాట ఒప్పుకుంటాను. చేత్తో కార్డులు పేర్చి పెయిరింగులు వేసిన కాలంలో ఎవరి మేనల్లుడికి ఎవరు తగిలారోనన్న అనుమానం ప్రతి హాల్లోనూ ఉండేది. అది పోయింది. కానీ కంప్యూటర్‌కు ఇచ్చిన రేటింగు ఎక్కడిది? అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే జాబితాలోకి ఎక్కాలంటే రేటింగు ఉన్నవాళ్ళతో కనీసం 5 ఆటలు ఆడి ఉండాలి. 2024 మార్చి నుంచి 1400కి తగ్గితే జాబితాలో చోటే లేదు. ఆ ఆటలు ఇక్కడ దొరకవు, ఈ టోర్నీకి రేటింగ్ గుర్తింపు లేదు. గుంటూరో విజయవాడో పోవాలి, రోజుల తరబడి ఉండాలి, అక్కడ ఎంట్రీ ఫీజు వేలల్లో. అంటే ఆ 1612లో ఆ అమ్మాయి తెలివి ఎంతుందో, వాళ్ళింటివాళ్ళు కట్టిన ఫీజులూ అంత ఉన్నాయి. డబ్బు తేడా పెయిరింగులోకి అంకె వేషంలో వస్తోంది.

మూడో బోర్డు. అమ్మాయివి తెల్లపావులు. చెరి 15 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్లు. కుర్రాడు ఎత్తు వేసిన ప్రతిసారీ గడియారాన్ని చరుస్తున్నాడు, అమ్మాయి మెల్లగా నొక్కుతోంది. పదో ఎత్తు దాకా బాగానే ఉన్నాడు. తర్వాత గుర్రాన్ని ఉత్సాహంగా ముందుకు దూకించాడు. ఆ గుర్రం ఇంతసేపూ రాజుకు అడ్డుగా ఉన్న సంగతి దూకించాక తెలిసింది. "చెక్ ఉంది, అట్టా జరపకూడదు" అంది అమ్మాయి, పెద్దదానిలా. వెనక్కి పెట్టాడు. ముట్టుకున్నాక గుర్రాన్నే ఆడాలి, ఆడే వీల్లేదు గనక వేరే ఎత్తు. శకటు వచ్చి మంత్రిని పట్టేసింది. ఇంకా ఏడు నిమిషాలు మిగిలుండగానే చెయ్యి చాపాడు.

రెండో రౌండు మొదలయ్యేలోగా టీ. చిన్న లెక్క వేద్దాం. 41 మంది, తలకు 300 అనుకున్నా 12,300. ఆర్బిటర్ పారితోషికం, ట్రోఫీలు, టీలు పోగా బహుమతులు: మొదటిది 3,000, రెండోది 2,000, మూడోది 1,000. ఇవి ఎవరికి పోతాయో పొద్దున వరస చూసినవాళ్ళెవరైనా చెప్తారు. కొమరోలు, తర్లుపాడు లాంటి చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల మూడొందలు పోగై సాయంత్రం విజయవాడ బస్సెక్కుతాయి. చాలా ఓపెన్ టోర్నీల్లో గ్రాండ్‌మాస్టర్లకు అసలు ఫీజే ఉండదు. వాళ్ళ పేరు చూసి నలుగురు వస్తారని.

మనుషుల సంగతి వదిలి యంత్రాల ఆట చూడండి. 1974లో స్టాక్‌హోంలో మొదటి ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీ జరిగింది. 13 ప్రోగ్రాములు, స్విస్ పద్ధతిలోనే నాలుగు రౌండ్లు. సోవియట్ కైసా నాలుగూ గెలిచింది. అందరూ గెలుస్తుందనుకున్న అమెరికా చెస్ 4.0 రెండో రౌండులో కేయాస్ చేతిలో ఓడింది, దాంతో కైసాకు ఎదురుపడనే లేదు. పోటీ అయ్యాక జనం ఉబలాటం కొద్దీ రెంటికీ విడిగా ఆట పెడితే డ్రా అయింది. పెయిరింగు గొడవ అక్కడా ఉంది మరి. కానీ ఆ పోటీల్లో తర్వాత్తర్వాత ఒక పద్ధతి పెట్టారు: ఇంట్లో కూర్చుని సరదాకు ప్రోగ్రాం రాసుకున్నవాడికి తక్కువ ఫీజు, అమ్ముకునే కంపెనీకి ఎక్కువ. యంత్రాలకు చూపిన ఆ పాటి వివేకం కొమరోలు పిల్లలకు చూపడానికి ఏమడ్డం? రేటింగు ఉన్నవాళ్ళకు 500 పెట్టి లేనివాళ్ళకు 200 పెడితే హాలు ఖాళీ అవుతుందా?

2025 చివర్లో మార్కాపురం విడి జిల్లా అయ్యేదాకా జిల్లా పోటీలకైతే ఇంకా దూరం, ఒంగోలు పోవాల్సి వచ్చేది. 1970లో కర్నూలు నుంచి ఈ తాలూకాలను విడదీసి ఒంగోలు జిల్లాలో కలిపారు. రైలు మాత్రం కలపలేదు. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్లు గుంటూరు–నంద్యాల లైను మీద ఉన్నాయి, ఒంగోలు మద్రాసు లైను మీద. పొదిలి మీదుగా బస్సే గతి. పిల్లల ఆట కోసం పెద్దవాళ్ళు పనీ వదులుకోవాలి: గ్రాండ్‌మాస్టర్ కోనేరు హంపి తండ్రి అశోక్ ఉద్యోగం మానుకుని కూతురికి ఆట నేర్పారు. ఎంట్రీ ఫీజు పట్టికల్లో అలాంటి ఖర్చుకు గడి ఉండదు.

సాయంత్రం నాలుగున్నర. ఓడినవాళ్ళతో ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళతో గెలిచినవాళ్ళు ఆడుతూ ఆడుతూ ఆరు రౌండ్లూ అయిపోయాయి. గిద్దలూరు కుర్రాడు రెండు, మూడు గెలిచి, నాలుగు ఓడి, అయిదు, ఆరు గెలిచాడు. 4 పాయింట్లు. కంభం నుంచి వచ్చిన ఒక పాపకూ నాలుగే. లోకల్ బహుమతి 500 ఒకరికే.

ఆర్బిటర్ తెరను తండ్రి వైపు తిప్పాడు. "మీవాడికే అన్నా. బుఖోల్జ్ 21, ఆ పాపకు పదిహేడున్నర."

"ఆ ఇరవయ్యొకటి ఎక్కడివి సార్? మావోడు కొట్టింది నాలుగే గదా!"

"తను ఆడినోళ్ళందరి పాయింట్లూ కలుపుతాం. పొద్దున తగిలిన అమ్మాయి ఆరుకు ఆరు కొట్టింది. ఆ ఆరూ మీవాడి లెక్కలోకే. ఆ పాప మొదటి ఆట ఆడినోడికి రెండే వచ్చినయ్."

పొద్దున్నించీ మోసమనుకున్నది ఇప్పుడు ఐదొందలైంది. కంభం పాప తల్లి మొహం చిన్నబోయింది. ఆమె కూతురు మొదటి రౌండులో గెలిచింది, ఈ అబ్బాయి ఓడాడు. ఎస్ అక్షరంతో పేరు పెట్టినందుకు ఆ పాపకు బలమైన ప్రత్యర్థి దొరకలేదు, అంతే తేడా. దీన్ని ఆమెకు ఎవరు నచ్చజెప్తారు? ఎవరూ ప్రయత్నించలేదు.

తండ్రి కవరు జేబులో పెట్టుకుని లెక్క చూసుకున్నాడు. ఫీజు పోను వంద, అది బస్సు చార్జీలకు సగం కూడా కాదు.

"రేటింగంటున్నారే సార్, దానికి కావాల్సిన ఆ అయిదు ఆటలు ఎక్కడ దొరుకుతాయి?"

"గుంటూర్లో పెడుతుంటారన్నా. ఫీజు రెండు వేల దాకా ఉంటది. మూడు నాలుగు రోజులు ఉండాల."

"గుంటూరుకైతే రైలుందిలే" అన్నాడు ఆటో అతను, కొడుకు చేతిలోంచి నీళ్ళ సీసా అందుకుంటూ.