యానాం కోఠీ వెనుక ఫ్రెంచి రాజు ఖజానా

ఆలమూరు మండలం పక్కగా పారే గౌతమి పాయ దిగువన యానాం ఉంది. ఫ్రెంచివాళ్లు అక్కడ 1723లో కోఠీ పెట్టి, మధ్యలో వదిలేసి, 1731లో స్థిరపడ్డారు. దీని మూలం పద్నాలుగో లూయీ పాలనలో ఉంది. ఎగుమతులు పెరగాలి, వెండి బంగారాలు దేశంలోనే ఉండాలి, విదేశీ వర్తకం రాజు కనుసన్నల్లో సాగాలి. మంత్రి కోల్బేర్ లెక్క ఇది. 1664లో ఈస్టిండియా కంపెనీ పుట్టింది రాజాజ్ఞతోనే. 1669కి అది మచిలీపట్నం చేరింది.

విధానం అసలు రంగు బట్టల్లో తెలుస్తుంది. సొంత పట్టు, ఉన్ని పరిశ్రమల కోసం ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలు బట్టల్ని నిషేధించింది. నిషేధం 1759 దాకా నడిచింది. అయినా కోరమండల్ తీరంలో కంపెనీ కొనుగోళ్లు ఆగలేదు. ఇక్కడి నీలి బట్ట ‘గినీ’ పేరుతో పశ్చిమ ఆఫ్రికా చేరి, మనుషుల్ని కొనే మారకమైంది. అలా కొన్నవాళ్లను కరీబియన్ దీవుల్లో చరాస్తిగా లెక్కగట్టింది 1685 నాటి ‘కోడ్ న్వార్’. అదీ లూయీ చట్టమే.

తెలుగు తీరంలో ముతక నేత మాలల వృత్తుల్లో ఒకటి. కంపెనీ బేరం మాత్రం దళారీ వర్తకులతో. బయానా వాళ్ల చేతుల మీదుగానే మగ్గానికి వచ్చేది. బొబ్బిలి యుద్ధం వల్ల బుస్సీ పేరు అందరికీ తెలుసు, ఈ నేతగాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

1753లో సలాబత్ జంగ్ రాజమండ్రితో సహా ఉత్తర సర్కారులను బుస్సీ సైన్యం ఖర్చులకు రాసిచ్చాడు. గోదావరి పొలాల శిస్తు ఫ్రెంచి సిపాయిల జీతమైంది. 1758 చందుర్తి ఓటమితో ఆ పట్టు సడలింది. యానాం మాత్రం, మధ్యమధ్య ఇంగ్లీషువాళ్లు ఆక్రమించినా, 1954 దాకా ఫ్రెంచి వలసగానే ఉంది.